ముందు అమరావతి, తర్వాత లండన్



ఈ పూట లండన్ ప్రయాణం గురించి మాట్లాడుకుందాం. తిరువూరు బస్టాండు నుంచి లండన్ దాకా. నవ్వకండి మరి. తిరువూరులో, విస్సన్నపేటలో, గంపలగూడెంలో, అటు సత్తుపల్లి దాకా ఏ వీధికి వెళ్ళినా, పిల్లల్ని విదేశాల్లో చదివిస్తున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. అబ్బాయి మాస్టర్స్ చేస్తున్నాడు. అమ్మాయికి అక్కడే ఉద్యోగం వచ్చింది. "అమ్మా, నువ్వూ నాన్నా ఒకసారి రండి" అని ఫోను. అంతే, ఇంట్లో హడావుడి మొదలు. సూట్‌కేసు ఎంత పెద్దది కొనాలి? ఆవకాయ ఎన్ని కిలోలు పట్టాలి? తోటకి కాపలా ఎవరు? ఇవన్నీ మాట్లాడుకుంటాం. అక్కడికెళ్ళి ఏం చూడాలి అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. "వెళ్ళాక పిల్లలే చూపిస్తార్లే" అంటాం.

పిల్లలు చూపించలేరండీ. వాళ్ళ తప్పు కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వాళ్ళకి పని. శని, ఆదివారాలొస్తే బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా సరుకులు తెచ్చుకోవాలి. మీరేమో కిటికీ పక్కన కూర్చుని, బయట పడే జల్లు చూస్తూ, ఊళ్ళో చెల్లెలికి వీడియో కాల్ చేస్తారు. ఇంత డబ్బు పోసి వెళ్ళింది ఇందుకా? కాదు కదా. అందుకని ఏం చూడాలో ఇక్కడున్నప్పుడే మీరు అనుకుని వెళ్ళాలి.

దానికి నేను చెప్పే సలహా ఒకటుంది. ముందు అమరావతి చూడండి, తర్వాత లండన్ వెళ్ళండి. మళ్ళీ చెప్తున్నాను. ముందు అమరావతి, తర్వాత లండన్. రెండూ ఒకే ప్రయాణం అనుకోండి.

ఎందుకంటారా? కొంచెం కథ చెప్పాలి.

కృష్ణ ఒడ్డున, అమరావతిలో, ఒక మహాస్తూపం ఉండేది. రెండు వేల ఏళ్ళ నాటి మాట. పల్నాటి సున్నపురాయి మీద, లేత ఆకుపచ్చ ఛాయ కలిసిన తెల్లరాయి మీద, బుద్ధుడి కథలన్నీ చెక్కారు. ఆ తర్వాత కాలం మారింది. స్తూపాన్ని మట్టి కప్పేసింది. ఊళ్ళోవాళ్ళు ఆ దిబ్బని దీపాలదిన్నె అనేవాళ్ళు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి వదిలి అమరావతికి మకాం మార్చారు. కొత్త ఊరు కట్టాలి, రాయి కావాలి. దిన్నె తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ కబురు విని 1797లో కాలిన్ మెకంజీ అనే దొర వచ్చి చూశాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే మన తెలుగు సోదరులు పనిచేసింది ఈ మెకంజీ దగ్గరే. ఆయన 1816లో మళ్ళీ వచ్చేసరికి, దిన్నె నడుమ చెరువు కోసం గొయ్యి తవ్వేసి ఉంది. కొన్ని పలకలు గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. ఇది కూడా చెప్పుకోవాలండీ. అంతా తెల్లదొరలే పట్టుకుపోయారంటే సగం కథే చెప్పినట్టు.

మిగతా సగం ఇది. 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారి మళ్ళీ తవ్వించాడు. దొరికిన పలకల్ని మద్రాసు చేర్చారు. అక్కడ ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. 1859లో ఓడకెక్కించి లండన్ పంపారు. లండన్‌లో గంట స్తంభం ఉంది చూశారూ, సినిమాల్లో చూపించే బిగ్ బెన్, అది మొదటిసారి గంట కొట్టింది కూడా ఆ 1859లోనే. అక్కడ గంట మోగిన ఏడాదే మన రాళ్ళు ఇక్కడ ఓడెక్కాయన్నమాట.

సరే, అంత దూరం తీసుకెళ్ళిన వాళ్ళు జాగ్రత్తగా పెట్టుకున్నారా? లేదు. ఒక పాత భవనంలో, గుర్రపు బళ్ళు పెట్టుకునే కొట్టంలో పడేశారు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడి కంట పడేదాకా వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. తమకంటూ సరైన గది దొరికింది మాత్రం 1992లో. ఓడ ఎక్కిన తర్వాత 130 ఏళ్ళకి పైగా పట్టింది.

ఇప్పుడు ఆ గదికి వెళ్దాం. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ నంబరు గది. గుర్తు పెట్టుకోండి, ముప్ఫై మూడు, ఎ. పక్కనే 33వ నంబరు గదిలో చైనా, దక్షిణాసియా వస్తువులుంటాయి. అందులోంచే మన గదిలోకి వెళ్ళాలి. మ్యూజియానికి ముందువైపు పెద్ద ద్వారం ఉంది, జనమంతా అక్కడే. వెనక మాంటేగ్యూ ప్లేస్ వైపు ఇంకో ద్వారం ఉంది. 33వ గదికి అదే దగ్గర. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఈ సంగతి బాగా ఉపయోగపడుతుంది.

ఆ గదిలో ఒక పలక రెండువైపులా చెక్కి ఉంటుంది. దాని దగ్గర ఆగండి. ఒకవైపు బొమ్మ క్రీస్తు పూర్వం నాటిది. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. బుద్ధుడు మాత్రం కనపడడు. ఆ రోజుల్లో ఆయన్ని మనిషి రూపంలో చెక్కేవాళ్ళు కాదు. చెట్టే ఆయన, ఆసనమే ఆయన. కొన్ని వందల ఏళ్ళ తర్వాత, క్రీస్తు శకం 3వ శతాబ్దంలో, అదే పలకని వెనక్కి తిప్పి ఇంకో శిల్పి ఏకంగా స్తూపాన్నే చెక్కాడు. పెద్ద గుమ్మటం, చుట్టూ కంచె, ద్వారం దగ్గర సింహాలు, వరసగా ఐదు స్తంభాలు. ఈ రోజు అమరావతి వెళ్తే మనకి కనపడేది దిన్నె, అడుగు భాగం, కొన్ని రాళ్ళు. పైన ఏముండేదో చూడాలంటే ఆ లండన్ పలక చూడాలి. అటునుంచి చెప్పినా అంతే. దిన్నె చుట్టూ తిరిగి వచ్చినవాళ్ళకి ఆ పలక మీద ఏది ఎక్కడిదో తెలిసిపోతుంది. అది ఎంత పెద్దదో ఒంటికి తెలుస్తుంది. తిరగకుండా వెళ్ళినవాళ్ళకి అదొక అందమైన రాయి.

అందుకే అంటున్నాను, ముందు అమరావతి, తర్వాత లండన్.

ఇంకో మాట. వీలైతే మధ్యలో చెన్నై కూడా. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి గది ఉంది. ఎలియట్ తర్వాత జరిగిన తవ్వకాల్లో దొరికినవి చాలా అక్కడే ఉన్నాయి. అందులో నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఉంది. ఒకే పలకలో ఒకవైపు ఏనుగు పిచ్చెత్తి వీధిలో మనుషుల్ని తొక్కుకుంటూ వస్తుంటుంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తుంటారు. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లి ఉంటుంది. సినిమా రీలు లాగా కథ నడుస్తుంది. నన్నడిగితే లండన్‌లో ఉన్న ఏ పలక కన్నా ఇదే గొప్పది. లండన్ వెళ్ళొచ్చినవాళ్ళం కదా అని ఎగ్మూరు మానేస్తే నష్టం మనదే. మన జగ్గయ్యపేట ధనంబోడులో 1882లో దొరికిన పలకలు కూడా మద్రాసు మ్యూజియానికే వెళ్ళాయి. జగ్గయ్యపేట అంటే మన జిల్లాయే కదండీ.

ఈ రాళ్ళు వెనక్కి రావాలా వద్దా అన్నది పెద్ద చర్చ. రావాలనే నా అభిప్రాయం. కానీ అవి వచ్చేదాకా చూడకుండా కూర్చోమని ఎవరికీ చెప్పను.

ఇక రెండోది. రాయి కాదు, మనిషే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. బ్రౌన్ నిఘంటువు పేరు వినని తెలుగు మాస్టారు ఉండరు. 1798లో కలకత్తాలో పుట్టాడు. కడపలో, మచిలీపట్నంలో ఉద్యోగం చేశాడు. జనం నోళ్ళలో, చెదలు పట్టిన తాటాకుల్లో ఉన్న వేమన పద్యాల్ని వెతికించి 1829లో అచ్చు వేశాడు. ఉద్యోగం అయిపోయాక లండన్ చేరి, అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. 1884లో చనిపోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. తెలుగువాళ్ళు పూనుకుని దాన్ని బాగు చేయించారు. అది పెద్ద పార్కులాంటి చోటు. చెట్లు, పాత రాతి బొమ్మలు, పిట్టల అరుపులు. అక్కడికి వెళ్ళడానికి టికెట్ లేదు. సమాధి ఎక్కడుందో ముందే పిల్లల చేత ఫోన్లో వెతికించి పెట్టుకోండి, లేకపోతే వేల సమాధుల మధ్య తిరుగుతూనే ఉంటారు. మీ ఇంట్లో తెలుగు మాస్టారు ఎవరైనా ఉంటే ఆయన్ని తప్పకుండా తీసుకెళ్ళండి.

కోహినూరు సంగతేమిటని అడుగుతారు. అందరూ అడుగుతారు. అది మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల్లోదని ప్రసిద్ధి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. వజ్రమేమో లండన్ టవర్‌లో, రాణీగారి కిరీటంలో ఉంది. 1849లో పసివాడైన పంజాబ్ రాజు దులీప్ సింగ్ చేత ఇప్పించుకున్నారు. 1852లో దాన్ని మళ్ళీ సానపట్టించారు. 186 క్యారెట్ల రాయి 105 క్యారెట్లకి తగ్గింది. టవర్‌కి టికెట్ ఉంది, అదీ తక్కువేం కాదు. లోపల కిరీటాల దగ్గర కదిలే పట్టీ ఉంటుంది. దాని మీద నిలబడితే అదే మిమ్మల్ని ముందుకి తీసుకుపోతుంది. ఆగి చూద్దామంటే కుదరదు. డబ్బుకి వెనకాడకపోతే చూడండి. ఆ కోట చాలా పాతది, దాదాపు వెయ్యేళ్ళది, దాని కోసమైనా వెళ్ళొచ్చు. వెళ్ళకపోయినా బెంగ పెట్టుకోకండి.

బట్టల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఉంది. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్ళు 1611లో కొట్టు తెరిచారు. దేనికి? మన తీరంలో అద్దిన బట్టల కోసం. అలాంటి కోరమాండల్ తీరపు అద్దకాలు ఆ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. పెడన కలంకారీ చీర కట్టుకుని వెళ్ళండమ్మా, సరదాగా ఉంటుంది. ఇంకా, ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇల్లు. 1921, 22లో అంబేడ్కర్ గారు చదువుకుంటూ ఉన్న ఇల్లది. మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకం చేసింది. మన ఊళ్ళనుంచి వెళ్ళేవాళ్ళు ఎందుకో దీన్ని మరిచిపోతుంటారు. మరిచిపోవద్దు.

మరి రాజభవనం, పెద్ద చక్రం, మైనపు బొమ్మలు? చూడండి, ఎవరు వద్దన్నారు! కానీ లండన్ పెళ్ళిభోజనం లాంటిది. విస్తట్లో వడ్డించినవన్నీ తినాలనుకుంటే ఏదీ రుచి తెలియదు. పొద్దున ఒకటి చూడండి. మధ్యాహ్నం పార్కులో బల్ల మీద కూర్చోండి. సాయంత్రం నది పక్కన నడవండి. రోజుకి ఒక్కటే. ఎనిమిది రోజుల్లో ఆరు దేశాలు అనే ప్యాకేజీల జోలికి పోకండి. వాటిలో బస్సు సీటే ఎక్కువ చూస్తాం.

సరే, ఇప్పుడు పనుల సంగతి. త్వరగా చెప్తాను, వీలైతే కాగితం మీద రాసుకోండి.

మొదటిది వీసా. పారిస్‌కి ఇచ్చే షెంగెన్ వీసా లండన్‌కి పనికిరాదు. లండన్‌కి బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే. వేలిముద్రలకి, ఫోటోకి హైదరాబాద్ వెళ్ళొచ్చు. మీకు ఇక్కడ ఇల్లూ పొలమూ ఉన్నాయని, తిరిగి వస్తారని వాళ్ళకి నమ్మకం కలగాలి. పట్టాదారు పాస్‌బుక్ తెలుగులో ఉంటే ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి జత చేయాలి. బ్యాంకులో నిన్నగాక మొన్న ఎవరో వేసిన పెద్ద మొత్తం చూపిస్తే అనుమానం వస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట. ఏ ఏజెంటు చెప్పినా సరే, దొంగ కాగితం ఒక్కటి కూడా పెట్టకండి. పట్టుబడితే పదేళ్ళ దాకా మళ్ళీ రానివ్వరు. మళ్ళీ చెప్తున్నాను, దొంగ కాగితం పెట్టకండి.

రెండోది, ఎప్పుడు వెళ్ళాలి. మన మామిడి రైతులకి కాయ కోత అయిపోయాక, జూన్ నెలాఖరు, జూలై మొదట్లో బాగుంటుంది. అప్పుడు లండన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. పత్తి వేసేవాళ్ళు సెప్టెంబరులో వెళ్ళండి. డిసెంబరు మాత్రం వద్దు. సాయంత్రం నాలుగు కాకుండానే చీకటి. చలి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎప్పుడు వెళ్ళినా గొడుగు మాత్రం ఉండాలి.

సంచిలో ఏం పెట్టాలి? పాలతో, మాంసంతో చేసినవి తీసుకెళ్ళనివ్వరు. కాబట్టి నెయ్యి డబ్బా ఇక్కడే వదిలేయండి. అన్నానికి దిగులు పడకండి. ఈస్ట్ హామ్ అనే పేట ఉంది. అక్కడ మన దక్షిణాది హోటళ్ళు, సరుకుల కొట్లు బోలెడు. మందులు వాడేవాళ్ళు డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్ళండి. ప్రయాణ బీమా తప్పకుండా చేయించండి. అక్కడ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బిల్లు తట్టుకోలేం. వాళ్ళ ప్లగ్గులకి మూడు చదరపు కాళ్ళు. మన ఛార్జరు పట్టదు. అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి.

హైదరాబాద్ నుంచి లండన్‌కి నేరుగా విమానం ఉంది. దిగాక భయపడకండి. భూగర్భ రైలు 1863 నుంచి నడుస్తోంది, ప్రపంచంలో మొదటిది అదే. మీ బ్యాంకు కార్డుని లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి మిషన్‌కి తాకిస్తే చాలు. బస్సుకైతే ఎక్కేటప్పుడు మాత్రమే. బస్సుల్లో నోట్లు, చిల్లర తీసుకోరు. ఆ కార్డు విదేశాల్లో పనిచేసేలా బయల్దేరే ముందే బ్యాంకులో చెప్పి చేయించుకోవాలి. ఇది మరిచిపోతే అక్కడ దిక్కు తోచదు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడండి. ఎడమవైపు తొందరున్నవాళ్ళది. రెండంతస్తుల బస్సులో పైకెక్కి ముందు సీట్లో కూర్చుంటే ఊరంతా కనపడుతుంది. టూరిస్టు బస్సుకి వేరే డబ్బు కట్టక్కర్లేదు.

గ్రీనిచ్ వెళ్తే పిల్లలకి ఒక సరదా లెక్క చెప్పండి. అక్కడ నేల మీద గీసిన గీత సున్నా రేఖాంశం. మన దేశపు గడియారం నడిచేది 82న్నర డిగ్రీల రేఖాంశం మీద. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. అందుకే లెక్క ప్రకారం మనకీ వాళ్ళకీ తేడా ఐదున్నర గంటలు. వేసవిలో వాళ్ళు గడియారం ఒక గంట ముందుకి జరుపుకుంటారు కాబట్టి అప్పుడు నాలుగున్నరే. ఇంటికి ఫోను చేసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి, అర్ధరాత్రి ఎవర్నీ లేపకుండా.

చివరగా బ్రిటిష్ మ్యూజియం వేళలు. లోపలికి వెళ్ళడం ఉచితం. అయినా ఆన్‌లైన్లో ఉచిత టికెట్ తీసుకుంటే వరసలో ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. రోజూ పది నుంచి ఐదు దాకా తెరిచి ఉంటుంది. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా. పిల్లలు శుక్రవారం పని అయ్యాక మీతో రాగలిగేది అప్పుడే. 33ఎ గది అప్పుడప్పుడు మూసి ఉంచుతారు. బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో పిల్లల చేత చూపించుకోండి. ఈలోగా ఒక ఆదివారం పొద్దున్నే విజయవాడ బస్సెక్కి అమరావతి వెళ్ళిరండి. వచ్చాక బీరువాలో పాస్‌పోర్టు తీసి, దాని గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. అయిపోవస్తుంటే విజయవాడ పాస్‌పోర్టు సేవా కేంద్రానికి ఇప్పుడే సమయం తీసుకోండి.